బండి కదిలాక అన్న మాట

వెనక తలుపు మూసుకున్న చప్పుడుకే బండి కదిలింది. ఆ వెంటనే కండక్టరు సీట్లోంచి ఆమె "రైట్" అంది. ఆ తర్వాత మధ్య ద్వారం దగ్గర ఎవరో "అయ్యో, ఆపండి, ఆపండి" అని కేకవేశారు.

ఈ మూడూ ఈ వరసలోనే జరిగాయని ఆమెకు తెలుసు. బండిలో ఉన్న మిగతావాళ్ళకు ఆ వరసతో పనిలేదు. వాళ్ళు "రైట్" అనడం విన్నారు, ఓ మనిషి పడిపోవడం చూశారు.

ఆ బస్సులో ఎక్కేది వెనక నుంచి, దిగేది మధ్యలోంచి. వెనక ద్వారానికి మడత తలుపు ఉంది. కండక్టరు తన సీటు పక్కనున్న ఇనప పిడి లాగితే ఠక్కున మూసుకుంటుంది. మధ్య ద్వారానికి తలుపు లేదు, పట్టుకోవడానికి ఓ నిలువు కడ్డీ మాత్రం ఉంది. జనం నిలబడి ఉంటే డ్రైవరుకు అది కనిపించదు. అందుకే కండక్టరు వెనక తలుపు వేసి, తలెత్తి మధ్య ద్వారం వైపు చూసి, అప్పుడు రైట్ చెప్పాలి. చెప్పాకే బండి కదలాలి.

బండి ఆగగానే ఆమె టికెట్ల సంచీ భుజానికి వేసుకునే కిందికి దూకింది. రోడ్డు మీద ఓ పెద్దావిడ కూర్చుండిపోయి ఉంది. కుడిచేతి మణికట్టును ఎడం చేత్తో పట్టుకుని, నొప్పి సంగతి తర్వాత చూసుకుందామన్నట్టు చుట్టూ వెతుకుతోంది. ఆవిడ సంచీలోంచి చొక్కాలు జారి రోడ్డు మీద పడ్డాయి. గుండీలు లేని, కాజాలు లేని కొత్త చొక్కాలు.

"ముందు అవి తియ్యమ్మా, మట్టి అంటుకుంటే దర్జీ నన్ను బతకనివ్వడు" అంది ఆవిడ.

ఆమె చొక్కాలు ఏరుతూండగా డ్రైవరు దిగి వచ్చాడు. పెద్దావిడ చంకల కింద చేతులు వేసి, పసిపిల్లను లేపినట్టు లేపాడు. "చూసుకు దిగొద్దూ, వదినా?" అన్నాడు. ఆ మాటలో విసుగేమీ లేదు, నిజంగానే బాధపడ్డాడు.

కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఆయన తప్పేముందండీ? కండక్టరమ్మ రైట్ అంది, ఆయన తీశాడు."

"అవును, నేనూ విన్నాను" అంది అతని వెనక సీటావిడ.

అందరూ ఆమె వైపు తిరిగారు. చేతిలో మట్టి దులుపుతున్న చొక్కాతో ఆమె నోరు తెరిచింది. కానీ వాళ్ళలో అబద్ధం చెప్పినవాళ్ళెవరూ లేరు.

డ్రైవరును డిపోలో అందరూ గడియారం అంటారు. అతని బండి ఏ స్టాపుకు ఎప్పుడు రావాలో అప్పుడే వస్తుంది. ఆ దారిలో కొట్లు తెరిచేవాళ్ళు అతని బండి చూసి షట్టర్లు ఎత్తుతారని చెప్పుకుంటారు. ఆ మాట ఎవరన్నా అంటే అతను పైకి విననట్టే ఉంటాడు, కానీ మీసం కింద పెదవి కాస్త కదులుతుంది.

ఆ సాయంత్రం డిపో వెనక, టీకొట్టు బల్ల మీద ఆమె అతనికి ఎదురుగా కూర్చుంది. పక్కన కార్మిక సంఘం కార్యదర్శి నిలబడి టీ ఊదుకుంటున్నాడు.

"ఆవిడకి మణికట్టు విరిగిందట. ఎల్లుండి విచారణ" అన్నాడు కార్యదర్శి ఆమెతో. "పర్మనెంటు లిస్టు వచ్చే నెల. నీ పేరు మీద రిమార్కు పడితే లిస్టులోంచి లేచిపోతుంది, అది నీకూ తెలుసు. కార్మికురాలిగా నీకూ కొన్ని రైట్స్ ఉన్నాయి. వాటి సంగతి నేను చూసుకుంటా. కానీ ముందు నువ్వు చెప్పేది ఒక్కలా ఉండాలి."

"ఏం చెప్పాలి?"

గడియారం గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఆవిడ కదిలే బండిలోంచి దిగిందని చెబుదాం చెల్లెమ్మా. నువ్వు అంతా చూసుకునే రైట్ చెప్పావు. నేను తీశాను. ఆవిడ స్టాపు దాటిపోతోందని కంగారులో దిగింది. నీ మీదా రాదు, నా మీదా రాదు."

"అన్నా, నేను రైట్ అనేసరికే బండి కదిలింది."

కార్యదర్శి టీ ఊదడం ఆపాడు. గడియారం ఆమెను ఆశ్చర్యంగా చూశాడు. ఆ ఆశ్చర్యంలో నటన లేదు.

"రోజూ అంతేగా" అన్నాడు. "ఇవాళ కొత్తగా అంటావేం?"

తలుపు చప్పుడు అతనికి సరిపోతుంది. ఆ చప్పుడుకూ ఆమె తల ఎత్తి చూడడానికీ మధ్య ఉండే ఆ రెప్పపాటును అతను ప్రతి స్టాపులోనూ మిగుల్చుకుంటున్నాడు. ఆ మిగిలినదంతా కలిస్తేనే అతను గడియారం. బండి కదిలిపోయాక మాట లేకపోతే బాగుండదు కనక ఆమె వెనకనుంచి ఆ మాట అందిస్తోంది. అతిథి లేచి చెప్పులేసుకున్నాక "ఇక బయల్దేరండి మరి" అన్నట్టు.

"నువ్వు ఒక్కరోజైనా వద్దన్నావా?" అన్నాడతను, మెల్లగానే.

"అనలేదు."

"మరి?"

కార్యదర్శి గ్లాసులో అడుగు టీ నేలమీద పారబోశాడు. "రైట్. అయిపోయింది. ఒక్క మాట మీద ఉండండి ఇద్దరూ" అంటూ వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళేసరికి కూతురు కొత్త బూట్లు తొడుక్కుని గది మధ్యలో నిలబడి ఉంది. ఎడమది కుడికాలికీ, కుడిది ఎడమకాలికీ.

"అమ్మా, రైటేనా?"

"మార్చి వేసుకో. రెండూ బయటికి చూస్తున్నాయి, పోట్లాడుకున్నట్టు."

"నాకు ఇలాగే బాగుంది. టీచర్ కూడా రైట్ అంది."

"ఏది చూసి అంది?"

"ఏదీ చూడలేదు. తలుపు దగ్గర నిలబడి అందరికీ అంది. రైట్, అందరూ వెళ్ళండి అని."

ఆమె ఆ బూట్లు విప్పి మార్చి తొడిగింది. లేసులు కడుతున్న వేళ్ళు కాసేపు ఆగాయి.

భర్త కుర్చీలూ బల్లలూ చేసే దుకాణంలో వడ్రంగి. జుట్టులో రంపపు పొడితో వచ్చి, కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఎవరేం చెప్పినా అతని జవాబు "రైటో". కొళాయి కారుతోందన్నా రైటో, చుట్టాలొస్తున్నారన్నా రైటో. "నేను పోయానని చెప్పినా రైటో అనేట్టున్నారు" అని ఆమె ఒకసారి అంటే, దానికీ రైటో అన్నాడు. ఈ సంగతి మొత్తం చెప్పాక మాత్రం అనలేదు. గోటి సందులోని జిగురు పెచ్చు గీక్కుంటూ కూర్చున్నాడు.

"మీ డ్రైవరన్న చెప్పినట్టు చెప్పెయ్" అన్నాడు చివరికి. "ఆవిడ చెయ్యి ఎలాగూ అతుక్కుంటుంది. నీ ఉద్యోగం విరిగితే అతికించే జిగురు నా దగ్గర లేదు."

"ఆవిడ పని చేత్తోనేనండీ. చొక్కాలకు కాజాలు కుడుతుంది."

"అయితే?"

"కుడిచెయ్యి."

ఆమె మాట పెంచలేదు. తను అనబోయే మాట మీద ఆమెకే ఇంకా నమ్మకం కుదరలేదు.

మర్నాడు డ్యూటీలో ఆ మాట ఆమెను వదల్లేదు. ఎన్నోసార్లు అని అరిగిపోయి, చెవిలో పడకుండా పోయిన మాట ఇప్పుడు ప్రతిచోటా తగులుతోంది. చిల్లర లెక్కపెట్టి ఇచ్చినవాడు "రైటేనా?" అంటాడు. గోడ మీద బొమ్మ గీస్తున్న పెయింటరు కింద నిలబడ్డవాణ్ణి "ఇప్పుడు రైటా?" అని అడుగుతాడు. ఫోన్లో ఎవరో ఎవరితోనో "నువ్వే రైట్, సరేనా, పెట్టెయ్" అంటాడు. అంటున్నవాళ్ళలో సగంమంది ఏదీ చూసి అనడం లేదు. బండి మాత్రం తలుపు చప్పుడుకు కదులుతూనే ఉంది. ఆమె వెనకనుంచి అంటూనే ఉంది. రెండుసార్లు పెదవులు బిగబట్టి చూసింది. మూడోసారి మాట దానంతటదే జారిపోయింది.

డ్యూటీ దిగి, కుట్టుపనివాళ్ళ దుకాణాల వెనకనున్న వరస గదుల్లో వెతుక్కుంటూ వెళ్ళింది. కాజాలావిడ గుమ్మంలోనే కూర్చుని ఉంది. కుడిచెయ్యి మోచేతిదాకా పిండికట్టు. ఎడం చేతిలో దారం. సూదిని మోకాళ్ళ మధ్య ఇరికించి, దారం కొస నోట్లో తడిచేసి ఎక్కించాలని చూస్తోంది. దారం పక్కకే వెళ్తోంది.

"ఇటివ్వండి పిన్నీ."

"నువ్వా? రా, రా. ఎక్కించినా లాభం లేదులే తల్లీ. ఎడం చెయ్యి ఉందిగా అంటారు అందరూ. ఉంది, ముద్ద తినడానికి ఉంది. కాజా అంచు తిప్పమంటే నాకెందుకీ గొడవ అంటుంది."

ఆమె దారం ఎక్కించి ఇచ్చింది. గోడవార చొక్కాల దొంతర ఉంది. రోడ్డు మీద పడిన వాటిలో ఒకదాని జేబు మీద మట్టి మరక ఇంకా పోలేదు.

"పిన్నీ, మీరు పడినప్పుడు..."

"చెప్పనా?" ఆవిడ నవ్వింది. "నేను మెట్టు మీద ఒక కాలు, గాల్లో ఒక కాలు. నేల కిందినుంచి జరిగిపోయింది. పడ్డాను. రోడ్డు మీద కూలబడ్డాక అప్పుడు వినపడింది నీ గొంతు. రైట్ అన్నావు. అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది తల్లీ. మనిషి పడిపోయిందిరా దేవుడా అంటే రైట్ అంటుందేమిటీ పిల్ల అని."

ఆమె నవ్వలేకపోయింది. "ఇది ఎవరికైనా చెప్పారా?"

"ఎవరడిగారు? మీ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. కదిలే బండిలోంచి దిగావా అన్నాడు. బండి కదిలింది కనకే పడ్డానయ్యా అన్నాను. అయితే కదిలే బండే కదా అని రాసుకున్నాడు. అలా రాస్తే ఆస్పత్రి ఖర్చుతో మీవాళ్ళకు సంబంధం ఉండదట, పక్కింటాయన చెప్పాడు." ఆవిడ సూదిని చొక్కా కాలరుకు గుచ్చి పెట్టింది. "నిన్నేమన్నా అన్నారా?"

"ఎల్లుండి... కాదు, రేపే విచారణ."

"అయ్యో. ఉద్యోగానికేం ఇబ్బంది రాదు కదా?"

తనను అడగవలసిన ప్రశ్నలన్నీ వదిలేసి ఆవిడ ఆ ఒక్కటి అడిగింది. ఆమె ఏం చెప్పిందో ఆమెకే గుర్తులేదు. వచ్చేటప్పుడు మట్టి మరకున్న చొక్కా ఉతికి తెస్తానని తీసుకుంది.

విచారణకు వచ్చిన అధికారి సన్నగా, జలుబుతో ఉన్నాడు. ముక్కు తుడుచుకుంటూ, ముందు బండి చూస్తానన్నాడు. షెడ్డులో చీకటిగా ఉండడంతో "కాస్త బయటికి తీయండి, వెలుతుర్లో మెట్టు ఎత్తు చూడాలి" అన్నాడు. ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూనే వెనక ద్వారంలోంచి ఎక్కి మధ్యదాకా నడిచాడు. గడియారం తన సీట్లో కూర్చున్నాడు. ఆమె తన సీటు దగ్గర నిలబడి అలవాటుగా పిడి లాగింది.

ఠక్.

బండి కదిలింది.

"రైట్" అంది ఆమె.

అధికారి తూలి, మధ్య ద్వారం కడ్డీని పట్టుకుని నిలదొక్కుకున్నాడు. "మెల్లగా బాబూ" అని మళ్ళీ ఫోన్లో పడ్డాడు.

ఆమెకు చెవులు వేడెక్కాయి. ఖాళీ బండి, జనం లేరు, టైము లేదు, స్టాపు లేదు. ఉన్న ఒక్క మనిషి వైపూ తను చూడలేదు. ముందు అద్దంలో గడియారం కళ్ళు ఒక్కసారి ఆమె కళ్ళకు తగిలి పక్కకు తప్పుకున్నాయి. అతనికీ వినపడింది.

తర్వాత ఆఫీసు గదిలో బల్లకు అటు అధికారి, ఇటు వాళ్ళిద్దరూ కూర్చున్నారు. కార్యదర్శి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గడియారం ముందు చెప్పాడు. కండక్టరు చూసుకుని రైట్ చెప్పింది, నేను బండి తీశాను, ఆవిడ కంగారులో కదిలే బండి దిగింది. ఒప్పజెప్పిన పాఠంలా తడబడకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ చేతులు మాత్రం మోకాళ్ళ మీద స్టీరింగు పట్టుకున్నట్టే వంకరగా ఉండిపోయాయి.

"మీరూ అంతేనా అమ్మా?" అన్నాడు అధికారి. అప్పటికే కలం మూత పెట్టబోతున్నాడు.

కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు.

"కాదు సార్" అంది ఆమె. "బండి ముందు కదిలింది. నేను తర్వాత అన్నాను."

"ఏ రోజు?"

"ఆ రోజు. రోజూ కూడా."

అధికారి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "అదేమిటి? ఇందాక నేను ఎక్కినప్పుడు అంతా బాగానే ఉందిగా?"

"ఇందాకా అంతే సార్. మీరు కడ్డీ పట్టుకున్నారు కాబట్టి పడలేదు."

అతను ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు కిటికీలోంచి బండి వైపు చూశాడు. మెల్లగా కలం మూత మళ్ళీ తీశాడు. "అసలు మీరు రైట్ అనేది ఎందుకమ్మా? బండి తీయమనేగా?"

"కాదు సార్. రెండు ద్వారాలూ చూశానని."

"ఆ రోజు చూశారా?"

"లేదు. బండి కదిలిపోయాక ఇక చూసేదేముందని చూడలేదు. ఆయన ఆగి ఉంటే చూసేదాన్నేమో. నేను ఆగమని అని ఉంటే ఆయనా ఆగేవాడేమో. అనలేదు."

అధికారి గడియారం వైపు తిరిగాడు. "ఏమయ్యా?"

కాదంటే అయిపోయేది. విన్న సాక్షులంతా అతని వైపే ఉన్నారు. అతను మోకాళ్ళ మీద చేతులు చూసుకున్నాడు. ఒక్కొక్క వేలే చాపాడు.

"నా బండి ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు సార్" అన్నాడు. అధికారి ఆ వాక్యం రాసుకుని దాని కింద గీత గీశాడు.

"ఆవిడ వాంగ్మూలం మళ్ళీ తీసుకోమంటాను" అన్నాడు లేస్తూ. "మీ ఇద్దరి సంగతి పైవాళ్ళు చెబుతారు. లిస్టులో పేరు ఉంటుందని మాత్రం నేను చెప్పలేనమ్మా."

బయటికి వచ్చాక కార్యదర్శి ఆమెను చూసి తల అడ్డంగా ఊపాడు. "నీ కాళ్ళు నువ్వే నరుక్కున్నావు. ఆయనవీ." గడియారం అప్పటికే వెళ్ళిపోతున్నాడు. టీకొట్టు దగ్గర ఆగలేదు.

పైవాళ్ళ ఆర్డరు ఇంకా రాలేదు. మనుషులు తక్కువగా ఉండడంతో మర్నాడు పొద్దున అదే బండికి ఆ ఇద్దరినే వేశారు.

ఆ పొద్దున ఇంట్లో ఆమె జరిగింది చెప్పినప్పుడు భర్త ఉలికి పదును పెడుతున్నాడు. వేలితో పదును చూసుకుని, ఇంకా కాస్త నూరి, "అయితే ఇక రోజూ నువ్వు ఆలస్యంగా వస్తావన్నమాట" అన్నాడు. చాలాసేపయ్యాక, గుమ్మం దాటుతూ, "రైటో" అన్నాడు. దేనికన్నాడో ఆమె అడగలేదు. ఉతికి మడిచిన చొక్కా సంచీలో పెట్టుకుని బయల్దేరింది.

గడియారం ఆమెను పలకరించలేదు. రోజూ బండి అద్దం తుడిచి "ఎక్కు చెల్లెమ్మా" అనేవాడు. ఇవాళ అద్దం తుడిచి, గుడ్డ విదిలించి, తన సీట్లో కూర్చున్నాడు.

మొదటి స్టాపు. ఎక్కేవాళ్ళు ఎక్కారు. ఆమె పిడి లాగింది. ఠక్.

బండి కదల్లేదు.

ఇంజను గుడగుడలాడుతోంది. ఆమె టికెట్లు చింపుతున్న చెయ్యి ఆగింది. ఏదో చెడిపోయిందనుకుంది. ముందు సీట్లో వాళ్ళు డ్రైవరు వైపూ, డ్రైవరు వైపు నుంచి వెనక్కీ చూశారు.

"ఏమ్మా, ఇవాళ నోరు ఇంట్లో పెట్టి వచ్చావా?" అన్నాడు వెనక సీటు ముసలాయన. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

అప్పుడర్థమైంది. గబగబా "రైట్" అంది. అన్నాక గుర్తొచ్చింది, చూడలేదని. బండి కదిలింది. అదృష్టం, అక్కడ దిగేవాళ్ళు లేరు.

రెండో స్టాపు నుంచి ఆమె లేచి నిలబడింది. మనుషుల భుజాల మధ్య నుంచి మధ్య ద్వారం కనిపించేదాకా అటూ ఇటూ వంగి చూసింది. చూశాక అంది. అన్నాకే బండి కదిలింది. ప్రతి స్టాపులో ఆ రెప్పపాటు నిలబడిపోయి, ఒకదాని మీద ఒకటి పేరుకుని, చివరి స్టేజీకి వెళ్ళేసరికి బండి బాగా ఆలస్యమైంది. అక్కడ టైము చూసే కంట్రోలరు చేతి వాచీ చెవి దగ్గర పెట్టుకుని నాటకమాడాడు.

"ఏంటి గడియారం, కీ ఇవ్వలేదా ఎవరూ?"

గడియారం ముఖం కందిపోయింది. నీళ్ళ సీసా ఎత్తి తాగాడు. ఆమెకు అతని దగ్గరికి వెళ్ళి ఏదైనా అనాలనిపించింది. తన సీటు తుడుచుకుంటూ ఉండిపోయింది.

తిరుగు ట్రిప్పులో వంతెన దాటాక, కాజాలావిడ పడిన స్టాపు వచ్చింది. మధ్య ద్వారంలో ఓ ముసలామె దిగుతోంది. ఒక చేతిలో కూరగాయల సంచీ, రెండో చెయ్యి కడ్డీ మీద. ఒక కాలు మెట్టు మీద పెట్టి, నేలను నమ్మొచ్చో లేదో చూసుకుంటున్నట్టు ఆగింది. వెనక తలుపు ఎప్పుడో మూసుకుంది. వెనకనున్న బళ్ళు హారన్లు మొదలెట్టాయి. "పోనివ్వవయ్యా" అని ఎవరో అరిచారు.

ఆమె తలెత్తింది. ముందు అద్దంలో గడియారం కళ్ళు ఈసారి రోడ్డు వైపు లేవు. సూటిగా ఆమెనే చూస్తున్నాయి. వాటిలో కోపం నిన్నటిది నిన్నటంతే ఉంది. అతను మాత్రం కదల్లేదు.

ముసలామె ఒక కాలు నేల మీద పెట్టింది. తర్వాత రెండోది. సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుని, బండికి దూరంగా జరిగింది.

ఆమె అదంతా చూసింది.

"రైట్" అంది.

బండి కదిలింది.